లక్ష్మణ్ వదులుకున్న పదిహేను శాతం

2010 డిసెంబరు, 2011 జనవరి. ఆ రెండు నెలల్లో ఇద్దరు ఆటగాళ్ల ధర తేలింది. ఒకరిది న్యూయార్క్ జట్టుతో బేరంలో, ఇంకొకరిది బెంగళూరు వేలం హాలులో. ఇద్దరూ 1974లో పుట్టినవాళ్లే, ఇద్దరికీ అప్పుడు ముప్ఫయ్యారేళ్లు. మొదటివాడు బేస్‌బాల్ ఆటగాడు డెరెక్ జీటర్. రెండోవాడు వి.వి.ఎస్. లక్ష్మణ్.

జీటర్ న్యూయార్క్ యాంకీస్‌కు తప్ప మరో జట్టుకు ఆడలేదు. 2003 నుంచి ఆ జట్టు కెప్టెన్. 18.9 కోట్ల డాలర్ల పదేళ్ల ఒప్పందం 2010 సీజన్‌తో ముగిసింది. ఆ ఏడాదే అతని ఆట తగ్గింది. అంతకుముందు కెరీర్ మొత్తమ్మీద బ్యాటింగ్‌కు దిగిన ప్రతి వంద సార్లకు 31కి పైగా హిట్లు కొట్టినవాడు, ఆ సీజన్‌లో 27 దగ్గర ఆగిపోయాడు. యాంకీస్ యాజమాన్యం మూడేళ్లకు 4.5 కోట్ల డాలర్లు ఇస్తామంది. జీటర్ అంతకంటే ఎక్కువే అడిగాడు. కావాలంటే బయట మార్కెట్‌లో నీ ధర ఎంతో చూసుకో అని జట్టు జనరల్ మేనేజర్ బ్రయన్ క్యాష్‌మన్ పత్రికల ముందే అనేశాడు. చివరికి డిసెంబరులో మూడేళ్లకు 5.1 కోట్ల డాలర్ల దగ్గర బేరం కుదిరింది. నాలుగో ఏడాది ఉండాలో వద్దో తేల్చుకునే వెసులుబాటు జీటర్‌కు దక్కింది. సంతకం రోజున నవ్వుతూనే, ఇంటి గుట్టులా ఉండాల్సిన మాటలు రచ్చకెక్కడం తనకు కోపం తెప్పించిందని చెప్పాడు. ఏడు నెలలు గడిచాయో లేదో, 2011 జులై 9న, అదే జట్టు చొక్కాతో 3000వ హిట్ కొట్టాడు. 2014 దాకా ఆడి, ఇరవై సీజన్లు ఒకే జట్టులో పూర్తి చేసుకుని తప్పుకున్నాడు.

ఆ బేరంలో చేదు ఉంది. అయినా ఇరుపక్షాలూ బల్లకు అటూ ఇటూ కూర్చున్నాయి, మాట్లాడుకున్నాయి. లక్ష్మణ్ విషయంలో బల్లే లేదు.

లక్ష్మణ్‌కు హైదరాబాద్ ఏమిటో ముందు చెప్పాలి. తల్లిదండ్రులు విజయవాడలో పేరున్న డాక్టర్లు. చదువు, ఆట అన్నీ హైదరాబాద్‌లోనే. 1999-2000 రంజీ సీజన్‌లో హైదరాబాద్ తరఫున 1415 పరుగులు చేశాడు. ఒక సీజన్‌లో అన్ని పరుగులు అంతకుముందు ఎవరూ చేయలేదు. ఆ మరుసటి ఏడాది మార్చిలో, ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మీద 281. ఆ ఇన్నింగ్స్ గురించి తెలుగు పాఠకుడికి కొత్తగా చెప్పడానికేమీ లేదు. తెనాలి నుంచి రేపల్లె దాకా, మధ్యలో వేమూరులోనూ, టీవీ ఉన్న ప్రతి ఇంటి గుమ్మం ముందూ ఆ రోజు చెప్పులు గుట్టపడ్డాయని వేరే చెప్పాలా!

2008లో ఐపీఎల్ వచ్చింది. డెక్కన్ క్రానికల్ సంస్థ 10.7 కోట్ల డాలర్లు పెట్టి హైదరాబాద్ జట్టును కొనుక్కుంది, డెక్కన్ ఛార్జర్స్ అని పేరు పెట్టింది. ఆ తొలి ఏడాది లీగ్‌లో ఒక నియమం ఉండేది. సొంత ఊరి మనిషి సొంత ఊరికే ఆడాలన్న ఉద్దేశంతో కొందరిని ‘ఐకాన్’ ఆటగాళ్లన్నారు. ముంబయికి సచిన్, బెంగళూరుకు ద్రవిడ్, కోల్‌కతాకు గంగూలీ, మొహాలీకి యువరాజ్, ఢిల్లీకి సెహ్వాగ్. వీళ్ల పేర్లు వేలంలోకి రావు. జట్టు వేలంలో అందరికంటే ఎక్కువ పెట్టి ఎవరిని కొంటుందో, ఆ ధర మీద పదిహేను శాతం కలిపి ఐకాన్‌కు ఇవ్వాలి. హైదరాబాద్ ఐకాన్ లక్ష్మణే కావాలి. ఇంకెవరున్నారు?

లక్ష్మణ్ ఆ హోదా వద్దన్నాడు. కారణం లెక్కల్లో ఉంది. వేలంలో ఒక్కో జట్టు ఖర్చుకు 50 లక్షల డాలర్ల పరిమితి పెట్టారు. తాను ఐకాన్‌గా ఉంటే అందులో పెద్ద ముక్క తనకే పోతుంది, మంచి ఆటగాళ్లను కొనడానికి జట్టు చేతులు కట్టేసినట్టవుతుంది. ఫిబ్రవరి 20న ముంబయి వేలంలో హైదరాబాద్ జట్టు ఆండ్రూ సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు పాడింది. లక్ష్మణ్ ఐకాన్‌గా ఉండి ఉంటే ఆ లెక్కన అతనికి 15.5 లక్షలకు పైగా రావాలి. అతని ధర 3.75 లక్షలు. అప్పటి మారకంలో డాలరు నలభై రూపాయలకు కాస్త అటూ ఇటూ. అంటే ఆరు కోట్లు వచ్చే చోట కోటిన్నర. ఐకాన్ ఉంటే సైమండ్స్‌కు అంత పాడేవాళ్లే కాదేమో, నిజమే. లక్ష్మణ్ తప్పుకున్నదే అందుకు.

ఈ త్యాగానికి రావలసినంత పేరు రాలేదని నేను గట్టిగా నమ్ముతాను. దీన్ని సరిగా అర్థం చేసుకోవడానికి మన ప్రాంతపు పాత నాటకాల చరిత్రలోకి ఒకసారి వెళ్లి రావాలి.

వేమూరు పేరు చెప్పగానే పాతతరం వాళ్లకు గుర్తొచ్చేది వేమూరి గగ్గయ్య. 1895లో అక్కడే పుట్టి, రంగస్థలం మీద గొంతు పండించుకుని, 1933 నాటి ‘సావిత్రి’లో యముడిగా, 1935 నాటి ‘శ్రీకృష్ణ లీలలు’లో కంసుడిగా తెర దద్దరిల్లేలా చేసినవాడు. ఆ తరం నటులది నాటక సమాజాల కాలం. మైలవరం కంపెనీ లాంటివి నటులకు నెల జీతాలిచ్చి పోషించేవి. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు, స్త్రీ పాత్రలతోనే దేశమంతా పేరు మోసి 1956లో పద్మశ్రీ అందుకున్నవాడు, తెనాలి శ్రీరామ విలాస సభ మనిషి. ఆయన పేరు వచ్చిన చోటల్లా సభ పేరూ వస్తుంది. సమాజంలో ఉన్న నటుడికి ఒక రాత్రి గొంతు పట్టేస్తే మరో రాత్రి ఉండేది. పాత్రకు తగినవాడు ఎవరు, పద్యం ఎవరికివ్వాలి అన్నది రేపటి టిక్కెట్లను బట్టి కాక, ఏళ్ల తరబడి కలిసి చేసిన రిహార్సళ్లను బట్టి తేలేది.

తర్వాత కాంట్రాక్టు నాటకాలు వచ్చాయి. కాంట్రాక్టరు సమాజాన్ని పిలవడు. ఈలపాట రఘురామయ్య, షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి లాంటి పేరున్నవాళ్లను విడివిడిగా ఒక్క రాత్రికి మాట్లాడుకుంటాడు. ఒకే నాటకంలో ఇద్దరు కృష్ణులు, ముగ్గురు అర్జునులు. గోడ మీద పోస్టరులో ఎవరి పేరు ఎంత పెద్దగా పడితే ధర అంత. జనానికి పండగే, వన్స్‌మోర్‌లతో తెల్లారేది. ఆ పద్యాలు విన్నవాళ్ల భాగ్యాన్ని నేను తక్కువ చేయను. అయితే కాంట్రాక్టరుకు నటుడి నిన్నటితో పని లేదు. ఈ రాత్రి గేటు దగ్గర ఎంత వసూలైందన్నదే లెక్క. గొంతు బొంగురుపోయిన ఏడాది ఆ ఇంటికి కబురు రాదు. మోసమనడానికి లేదు. ఏ రాత్రి లెక్క ఆ రాత్రికే తేలిపోయే ఒప్పందం అది.

లక్ష్మణ్ తన పదిహేను శాతాన్ని సమాజానికి ఇచ్చాననుకున్నాడు. అవతల ఉన్నది కాంట్రాక్టరు.

తొలి ఏడాది కెప్టెన్సీ లక్ష్మణ్‌దే. కాగితం మీద ఆ జట్టును చూసి కప్పు హైదరాబాద్‌దే అన్నవాళ్లు ఎందరో. పద్నాలుగు మ్యాచ్‌లలో రెండే గెలిచారు, పట్టికలో అట్టడుగు. మణికట్టు గాయంతో లక్ష్మణ్ మధ్యలోనే తప్పుకోగా జట్టు సహచరుడు గిల్‌క్రిస్ట్ పగ్గాలు పట్టుకున్నాడు. రెండో ఏడాదికి కెప్టెన్ గిల్‌క్రిస్టే అని యాజమాన్యం తేల్చింది. 2009 టోర్నీ దక్షిణాఫ్రికాలో జరిగింది. మే 24న జొహానెస్‌బర్గ్ ఫైనల్లో బెంగళూరును ఆరు పరుగుల తేడాతో ఓడించి డెక్కన్ ఛార్జర్స్ కప్పు ఎత్తింది. ఆ పదకొండు మందిలో విశాఖ కుర్రాడు వేణుగోపాలరావు ఉన్నాడు, రోహిత్ శర్మ ఉన్నాడు, లక్ష్మణ్ వదులుకున్న డబ్బుతో వచ్చిన సైమండ్స్ ఉన్నాడు. లక్ష్మణ్ లేడు.

యాజమాన్యం వైపు న్యాయం కూడా చెప్పాలి. ఇరవై ఓవర్ల ఆట లక్ష్మణ్‌కు అచ్చిరాలేదు. ఐపీఎల్ మొత్తమ్మీద అతను ఆడింది 20 మ్యాచ్‌లు, చేసింది 282 పరుగులు. ఈడెన్‌లో ఒక్క ఇన్నింగ్స్‌లో చేసినదానికి ఒకటి ఎక్కువ. పరుగుల కోసం డబ్బు పెట్టినవాడు ఈ అంకెలు చూసి ఊరుకోవాలని ఎవరూ అనరు. గిల్‌క్రిస్ట్‌ను కెప్టెన్ చేయడం సరైన నిర్ణయమేనని కప్పే చెప్పింది.

నాకు మింగుడుపడనిది ఆ తర్వాతది. 2011 సీజన్‌కు ముందు, పాత ఆటగాళ్లలో నలుగురి దాకా వేలానికి పంపకుండా అట్టిపెట్టుకోవచ్చని లీగ్ జట్లకు అవకాశమిచ్చింది. చెన్నై, ముంబయి నలుగురేసిని ఉంచుకున్నాయి. బెంగళూరు కోహ్లీని, ఢిల్లీ సెహ్వాగ్‌ను ఉంచుకున్నాయి. డెక్కన్ ఛార్జర్స్ ఒక్కరినీ ఉంచుకోలేదు. లక్ష్మణే కాదు, కప్పు తెచ్చిన గిల్‌క్రిస్ట్, రోహిత్ అందరూ వేలం పాటకే.

అదే రోజుల్లో లక్ష్మణ్ టెస్టుల్లో ఏం చేస్తున్నాడో చూడండి. 2010 అక్టోబరులో మొహాలీలో, నడుము పట్టేసి పరుగెత్తలేని స్థితిలో, రన్నర్‌ను పెట్టుకుని 73 నాటౌట్. భారత్ ఒక్క వికెట్ తేడాతో ఆస్ట్రేలియా మీద గెలిచింది. డిసెంబరు చివరి వారం డర్బన్‌లో, బంతి ముఖం మీదికి లేస్తున్న పిచ్ మీద 96. భారత్ 87 పరుగులతో దక్షిణాఫ్రికాను ఓడించింది. ఆ మ్యాచ్ ముగిసిన పది రోజులకల్లా బెంగళూరులో అతని పేరు వేలానికొచ్చింది. కొత్తగా పుట్టిన కొచ్చి జట్టు 4 లక్షల డాలర్లకు తీసుకుంది. హైదరాబాద్ లక్ష్మణ్ కేరళ పేరున్న చొక్కా వేసుకున్నాడు. యాంకీస్‌తో ఒప్పందం మీద జీటర్ సంతకం చేసి అప్పటికి నెల రోజులు.

యాంకీస్ ఉదారులేమీ కాదు. 1935లో బేబ్ రూత్ అంతటివాణ్ణి బోస్టన్ బ్రేవ్స్‌కు సాగనంపిన చరిత్ర ఆ సంస్థదే. జీటర్‌కు ఇచ్చిన 5.1 కోట్లలో రాబోయే 3000వ హిట్‌కు అమ్ముడయ్యే టిక్కెట్ల లెక్కా ఉండే ఉంటుంది. అయినా అతనికి బల్ల దగ్గర కుర్చీ వేశారు, కోప్పడే హక్కు ఇచ్చారు. ఆరు కోట్ల చోట కోటిన్నరకు ఒప్పుకున్న మనిషికి డెక్కన్ ఛార్జర్స్ ఆ పాటి కుర్చీ వేయాల్సింది. ఆడించకపోయినా సరే, కొత్త కుర్రాళ్ల పక్కన కూర్చోబెట్టుకోవాల్సింది.

కొచ్చి జట్టు ఒక్క సీజనే బతికింది. 2011 సెప్టెంబరులో భారత క్రికెట్ బోర్డు దాన్ని రద్దు చేసింది. 2012 ఫిబ్రవరి వేలంలో లక్ష్మణ్ పేరు చదివినప్పుడు ఏ జట్టూ చెయ్యెత్తలేదు. ఆ ఆగస్టు 18న ఉప్పల్ స్టేడియంలో అంతర్జాతీయ క్రికెట్‌కు వీడ్కోలు చెప్పాడు. అయిదు రోజుల్లో అదే మైదానంలో న్యూజిలాండ్‌తో టెస్టు ఉంది, ఎంపికైన జట్టులో తన పేరూ ఉంది. సొంత ఊళ్లో ఆఖరి మ్యాచ్ ఆడి, దండలు వేయించుకుని వెళ్లొచ్చు. అదీ వద్దనుకున్నాడు, ఆ చోటు కుర్రాళ్లకు వదిలాడు. నెల తిరగకుండానే డెక్కన్ ఛార్జర్స్ ఒప్పందాన్ని బోర్డు రద్దు చేసింది. సన్ టీవీ సంస్థ హైదరాబాద్ జట్టు హక్కులు కొని సన్‌రైజర్స్‌ను పుట్టించింది. డిసెంబరులో ఆ కొత్త యాజమాన్యం మెంటార్‌గా రమ్మని లక్ష్మణ్‌ను పిలిచింది, వెళ్లాడు. 2016 మే 29న సన్‌రైజర్స్ ఫైనల్ గెలిచింది. ఎదుటి జట్టు మళ్లీ బెంగళూరే, తేడా ఎనిమిది పరుగులు. ఆ రాత్రి డగౌట్‌లో లక్ష్మణ్ ఉన్నాడు.