వాల్వు ట్రాన్స్‌మిటరుల పత్రికాపటములు: కాలనిర్ణయము, పాఠశోధనము

తాళపత్రప్రతులను సరిచూచి మూలపాఠమును నిర్ణయించుట మన పండితులకుఁ గ్రొత్త పని కాదు. ఆ పద్ధతియే యిరువదవ శతాబ్దమునఁ బుట్టిన మఱియొక వాఙ్మయమునకును గావలసియున్నదని నిరూపించుట యీ వ్యాసమున కుద్దేశము. తమ యిండ్లలోఁ దమ చేతులతోనే రేడియో ట్రాన్స్‌మిటరులను గూర్చుకొనిన యౌత్సాహికుల కొఱకు నాఁటి మాసపత్రికలు ప్రకటించిన నిర్మాణపటములును, వాని వివరణములును ఆ వాఙ్మయము. కావ్యమునఁ బాఠదోషము రసమును జెఱచును. ఈ పటములయందలి పాఠదోషము ప్రాణమునే తీయఁగలదు. కావున వీని మూలమును వెదకుట వినోదమాత్రము కాదు.

ఈ విద్యను లోకమున హామ్ రేడియో యందురు. అమెరికాలో హైరమ్ పెర్సీ మాక్సిమ్ మున్నగువారు 1914లో నొక సమాజమును స్థాపించి, 1915 డిసెంబరున క్యూఎస్‌టీ యను పత్రికను వెలువరించిరి. ఇంగ్లండున వైర్‌లెస్ వరల్డ్ 1913లోను, ప్రాక్టికల్ వైర్‌లెస్ 1932లోను, షార్ట్ వేవ్ మాగజైన్ 1937లోను మొదలయ్యెను. మన దేశమునఁ గలకత్తావాసి అమరేంద్రచంద్ర గుప్త 1921లో 2జేకే యను సంకేతనామముతో నీ విద్యకు నాంది పలికెను. 1939లో యుద్ధము రాఁగానే ప్రభుత్వము క్రొత్త యనుమతులను నిలిపివేసి, యున్న యంత్రములను బోలీసుల కప్పగింపుఁడని యాజ్ఞాపించెను.

ఆ నిషేధకాలముననే, 1942 ఆగస్టు 27 మొదలు నవంబరు 12 వఱకు, ఉషా మెహతా మున్నగువారు బొంబాయిలో రహస్యముగాఁ గాంగ్రెసు రేడియోను నడపిరి. అది 42.34 మీటర్ల తరంగముపై వినవచ్చినది. దానిని లెక్కించి చూడఁగా దాదాపు 7,080 కిలోసైకిళ్లగును. అది యౌత్సాహికుల 40 మీటర్ల పట్టీలోనిదే! వారు ఫలానా పత్రికను జూచి నిర్మించిరని చెప్పుట కిది ప్రమాణము కాదు. కాని యా పట్టీ కొఱకు నాఁటి పత్రికలిచ్చిన తీగచుట్ల లెక్కలును, వాల్వుల యమరికయుఁ దెలియనిదే యా యంత్రస్వరూపము నూహింపఁజాలము. స్వాతంత్ర్యచరిత్రకును ఈ పటము లాధారములగు విధ మిది.

మన ప్రాంతమున హైదరాబాదు సంస్థానపు దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3వ తేదీని 200 వాట్ల శక్తితోఁ బలికెను. ఔత్సాహికులకు మిక్కిలి ప్రియమైన 807 అను వాల్వు, 600 వోల్టులపై, ఒక్కటియే దాదాపు 40 వాట్ల నీయఁగలదు. అనఁగా గృహస్థుని బల్లమీఁది యంత్రము సంస్థానపు రేడియోలో నైదవవంతు శక్తి గలదన్నమాట. హైదరాబాదున 1983లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో స్థాపింపఁబడిన పిదప నీ విద్య యిచట మఱింత వ్యాపించెను.

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంత మిట్టి వెదకులాటకుఁ దగినచోటు. పశ్చిమచాళుక్యుల శాసనములలోని పొట్టలకెరె యీ పటాన్‌చెరే యని చరిత్రకారులు గుర్తించిరి. నేఁ డచట శాసనములకంటెఁ గర్మాగారములే యెక్కువ. రామచంద్రాపురమున బీహెచ్‌ఈఎల్, ఎద్దుమైలారమున 1984లో నెలకొన్న యాయుధకర్మాగారము, కందిలో ఐఐటీ కలవు. యంత్రవిద్య నెఱిఁగినవా రెందఱో కాపురమున్నచోటఁ బాతపత్రికలు పాతకాగితముల యంగళ్లకుఁ జేరుట సహజము. హైదరాబాదులోని అబిడ్సు కాలిబాటపై ఆదివారమునఁ బఱచు పుస్తకములలోను వీనిని వెదకవచ్చును. అయితే తఱచుగా లభించునవి విడియాకులే. వానిపైఁ బత్రికపేరు గాని సంవత్సరము గాని యుండదు.

కాలము తెలియని శాసనమును లిపినిబట్టియు, శబ్దరూపములనుబట్టియు నిర్ణయింతుము గదా! ఇచటను అట్లే చేయవలెను. వాల్వు, యానోడు, ఎర్తు, హెచ్‌టీ అను మాటలున్నచో బ్రిటిషు సంప్రదాయము. ట్యూబు, ప్లేటు, గ్రౌండు, బీప్లస్ అనియున్నచో అమెరికా సంప్రదాయము. ఆస్ట్రేలియా పత్రికలును వాల్వు అనియే వ్రాసినవి గనుక మాటలు సంప్రదాయమునే తెలుపును గాని దేశమును దెలుపవు. ఆవృత్తికి సైకిళ్లకు బదులు హెర్ట్జ్ అను ప్రమాణమును అంతర్జాతీయ తూనికలు కొలతల సభ 1960లో నంగీకరింపఁగా, 1970 నాఁటికిఁ బత్రికలు దాదాపుగా మాఱినవి. 21 మెగాసైకిళ్ల పట్టీ 1947 నాఁటి అట్లాంటిక్ సిటీ సభలోను, 10, 18, 24 మెగాహెర్ట్జ్ పట్టీలు 1979 నాఁటి జెనీవా సభలోను ఔత్సాహికులకు లభించెను. 807 వాల్వు 1936 ప్రాంతముదికాగా, 6146 వాల్వు 1952లోనిది.

పటాన్‌చెరులో నాకు దొరకిన యొక విడియాకును ఈ కొలతలతోఁ బరీక్షించితిని. అందు 6వీ6 వాల్వు తరంగమును బుట్టింపఁగా 807 దానిని బెంచుచున్నది. హెచ్‌టీ, యానోడు అను మాటలున్నవి. పట్టీలలో 21 మెగాసైకిళ్లు కలదు. కాఁబట్టి యది బ్రిటిషు సంప్రదాయముది. 1947కుఁ బూర్వముది కాదు, 1970కిఁ జాల తరువాతిదియుఁ గాదు. 6146 పేరు లేదు గాన 1952కుఁ బూర్వపుదే యనరాదు. అనుక్తిమాత్రమున నభావము సిద్ధింపదు. పత్రికలు సంవత్సరాంతమునఁ బ్రకటించిన విషయసూచికలను ఆ కాలపరిమితిలో వరుసగాఁ జూచుటయే తరువాతి పని. ఇప్పుడు పెక్కు పత్రికలసంపుటములు ఛాయారూపమున లభించుచుండుటచే నది సుకరమైనది.

ఆ యాకులో విద్యుత్సరఫరా గతసంచికలో వర్ణింపఁబడినదని యొక వాక్యము కలదు. వ్యాకరణమున సూత్రమునుండి సూత్రమునకుఁ బదము వచ్చుట ననువృత్తి యందుము. ఇదియు నట్టిదే. ఆ సరఫరాభాగములో బ్లీడరు అను రెసిస్టరు కండెన్సరులకు అడ్డముగాఁ గూర్పఁబడును. మీట యార్పిన పిదప వానిలో మిగిలిన విద్యుత్తును హరించుట దాని పని. అనువృత్తి నెఱుఁగక యీ యాకునే నమ్మి యంత్రమును గూర్చినవాఁడు, ఆర్పితిని గదా యని చేయి పెట్టినప్పుడు వందలకొలఁది వోల్టుల తాఁకున మరణింపవచ్చును.

లేఖకదోషము లింకను గలవు. నాఁటి మైక్రోమైక్రోఫారడు నేఁటి పికోఫారడు. ప్రతి వ్రాయువాఁడు ఒక మైక్రోను విడిచెనా, విలువ పదిలక్షలరెట్లు పెరుగును! వాల్వుపిన్నుల పటము అడుగునుండి చూచినట్లు వ్రాయఁబడును. దానిని బైనుండి చూచినదిగా భావించినచో సంధానమంతయుఁ దలక్రిందులగును. 807కు అమెరికా సైన్యమున వీటీ100 అనియు, బ్రిటిషు సైన్యమున సీవీ124 అనియుఁ బేళ్లు. పర్యాయము లెఱుఁగనివాఁడు చేతనున్న వాల్వును లేదని యెంచును. మఱియు ముద్రణదోషములను బత్రికలే తరువాతి సంచికలలో దిద్దుచుండెను. కావున మూలమైన సంచిక దొరకిన మాత్రమునఁ బని ముగియదు; తరువాతి సంచికలలోని సవరణలను జూచిన పిదపనే పాఠము సిద్ధించును.

ఈ పత్రికలు తూకమున కమ్మఁబడి కాగితపు మిల్లులకుఁ బోవుచున్నవి. పాఠశాలాపండితులు తమ యూరి పాతయిండ్లలో నిట్టివి కనఁబడినచో, అమ్మకమునకు ముందే పత్రికపేరు, సంచిక, పుట, అంచులలో యజమాని చేతివ్రాతలు నొక కాగితమున వ్రాసియుంచిన మేలు. ఏ కాయిలు పనిచేసెనో, ఏ విలువను మార్చెనో యా చేతివ్రాతలే చెప్పును. అచ్చులో లేని వ్యాఖ్యానము లవి. నిర్మింపఁగోరువారు ప్రభుత్వానుమతిని, అనుభవజ్ఞుని తోడును బొందవలెను. పటమును సంపాదించుట తేలిక. ఆ పటమును నమ్మఁదగునో లేదో నిర్ణయించుటయే పాండిత్యము.