గద్వాల, వనపర్తి రాజగృహములు

పూర్వరాజుల కోటలను, నగరులను చూడఁబోవువారు ద్వార మెంత యెత్తు, గోడ యెంత దళసరి యని విచారించి, యబ్బురపడి మరలివత్తురు. కట్టించిన రాజు పేరడుగుదురు గాని, ఱాళ్లు మోసినవారి మాట యడుగరు. ఇది సగము చూపు మాత్రమే. పాలమూరు జిల్లానుండి 2016లో వేఱుపడి తామే జిల్లాలైన గద్వాల, వనపర్తులలోని రాజగృహములను మేము చూచినప్పుడు తక్కిన సగము మాకు బోధపడినది.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో, సుమారు మూడువందల యేండ్ల క్రిందట, సోమనాద్రి గద్వాల కోటను గట్టించెను. నైజాము ప్రభుత్వమునకు లోఁబడిన యీ సంస్థానమును విద్వాంసులు ‘విద్వద్గద్వాల’ యని కొనియాడిరి. తిరుపతి వేంకటకవులు సైత మీ సీమ సంస్థానములకు వచ్చి సత్కారములు పొందిరి. తెలంగాణమున కవులు లేరన్న నిందకు బదులుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిన సురవరము ప్రతాపరెడ్డిగారును నడిగడ్డవారే.

ఈ కీర్తి నిజమైనదే. అయినను, సభలో శాలువ కప్పించుకొన్న పండితునకును, ఆ శాలువ వెలను శిస్తు రూపమునఁ జెల్లించిన రైతునకును నడుమ దూర మెంత? 1951 జనగణన నాఁటికి హైదరాబాదు రాష్ట్రమున చదువను వ్రాయను నేర్చినవారు నూటికి పదిమందియైన లేరు. ఇది యొక్క సంస్థానముల దోషమే కాదు. రాజ్యమంతటను నిదియే గతి. విద్య ప్రభువుల దానముగా నున్నంత కాలము కొందఱికే దక్కును.

1948లో హైదరాబాదు భారతదేశమునఁ జేరినది; మఱుసటి యేఁడు జాగీరులు రద్దైనవి. సంస్థానములును ముగిసినవి. తరువాత వనపర్తి ప్రభువుల నగరిలో 1959లో పాలిటెక్నిక్ కళాశాల వెలసినది. రాజదర్శనమునకై తలవంచి నిలిచినవారి మనుమలు ఆ గదులలోనే కూర్చుండి యంత్రవిద్య నేర్చిరి. గద్వాల కోటలోని ప్రభుత్వ కళాశాలకు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మగారి పేరు పెట్టిరి. ఈమె 1924లో భర్త గతించిన పిదప సంస్థానము ముగియువఱకు తానే పాలించినది. భర్తను గోలుపోయిన స్త్రీని శుభకార్యములకు దూరముగా నుంచు గృహములవా రీ సంగతిని తమ పిల్లలకుఁ జెప్పుట మంచిది.

చదువులు సాగుచున్నవి గదా యని గోడలను కూలనిచ్చుటయు తగదు. గద్వాల కోటగోడలు పలుచోట్ల శిథిలములైనవి. కళాశాలకుఁ గావలసిన క్రొత్తగదులు వేఱుగఁ గట్టించి, పాతకట్టడమును దాని పద్ధతి నెఱిఁగినవారిచేతనే బాగుచేయింపవలెను. ప్రజల సొమ్ముతోఁ గట్టినది ప్రజలకే దక్కినప్పుడు, దానిని నిలుపుకొను భారమును ప్రజలదే.

పిల్లలను వెంటఁబెట్టుకొని యీ నగరులకుఁ బోవువారు, ఎవరు కట్టించిరని యడిగిన పిమ్మట, ఎవరి కష్టముతోఁ గట్టిరనియు, నేఁ డిం దెవరు చదువుచున్నారనియు నడుగవలయునని మా మనవి.