గోషా అంటే మూల

హైదరాబాద్‌లో చౌమహల్లా ప్యాలెస్ చూసే ఉంటారు. ఆసఫ్‌జాహీల తఖ్త్ ఉన్న దర్బార్ హాల్ పేరు ఖిల్వత్ ముబారక్. ఖిల్వత్ అంటే ఏకాంతం. కానీ అమీర్లు, జాగీర్దార్లు వరసగా వచ్చి నిజాంకి నజరానా ఇచ్చుకున్నది అక్కడే. పేరేమో ఏకాంతం, జరిగింది నిండు దర్బారు! ఏది ఆమ్, ఏది ఖాస్ అన్నది గోడలు తేల్చవు. లోపలికి రావడానికి ఎవరి ఇజాజత్ కావాలన్నదే తేలుస్తుంది.

పాతబస్తీ దేవిడీల్లో ముందు మర్దానా, వెనక జనానా. మెహమాన్ దివాన్‌ఖానా దగ్గరే ఆగాలి. మధ్యలో పరదాలు, చిల్మన్‌లు. చిల్మన్ తమాషా ఏమిటంటే, లోపలివాళ్లకి బయట కనిపిస్తుంది, బయటివాళ్లకి లోపల కనిపించదు. అయితే ఈ ఏర్పాటంతా నవాబులది. పత్తి ఏకే దూదేకులింట్లో, కూలికెళ్లే గరీబు ఇంట్లో ఒకటే గది. జనానా ఎక్కడ కడతారు? మా నానీమా కాలంలో చుట్టాలొస్తే దండెం మీద పాత చీర వేసేవాళ్లు. అదే పరదా, అదే దేవిడీ.

ఇప్పుడు గోషా మాట చూడండి. ఫార్సీలో గోషా అంటే మూల. మూలన, చాటున ఉండే ఆడవాళ్లు గోషా ఆడవాళ్లయ్యారు. మగ డాక్టర్ చెయ్యి పట్టి చూడకూడదు, ఆడ డాక్టర్ లేదు. ఎన్ని కాన్పులు ఆ చీకటి గదుల్లోనే ప్రాణాలు తీశాయో! అందుకే 1885లో మద్రాసులో గోషా ఆస్పత్రి మొదలైంది. మన విశాఖపట్నంలో విక్టోరియా ఆస్పత్రిని జనం ఇప్పటికీ ఘోషాస్పత్రి అనే అంటారు. అన్ని కులాల, మతాల తల్లులూ అక్కడికి కాన్పుకి వెళ్తారు. మూల అనే మాట ఊరందరి ఆస్పత్రి పేరైపోయింది. ఖిల్వత్ నవాబుల కోసం మారితే, గోషా ఆడవాళ్ల అవసరం కోసం మారింది. నాకు రెండోదే పెద్ద తారీఖ్ అనిపిస్తుంది.

సూరె నూర్‌లో ఇతరుల ఇళ్లలోకి ఇజాజత్ అడిగి, సలాం చెప్పి వెళ్లమని ఉంది. ఇంట్లోవాళ్లు సైతం రోజుకి మూడు వేళల్లో అడిగే రావాలని ఉంది. గమనించండి, ఆ హుకుం లోపలున్న ఆడమనిషికి కాదు, బయటినుంచి వచ్చేవాడికి. మనం మాత్రం ఆ బరువంతా ఆమె మీదే వేశాం.

ఇప్పుడు ఫ్లాట్లొచ్చాయి. తలుపు తీస్తే నేరుగా హాలు. చిల్మన్ పోయింది, సెహన్ పోయింది. మగవాళ్లకి హోటల్ ఉంది, చౌరస్తా ఉంది, మస్జిద్ అరుగుంది. అమ్మీకి, బహూకి కాసేపు తలుపేసుకుని కూర్చునే చోటేది? వంటగదికి తలుపే ఉండదు. ఆమె ఫోన్ మోగితే ఎవరని అడగనివాళ్లుండరు.

ఆడవాళ్లని మూలన పెట్టడం మనకి ఎప్పటినుంచో వచ్చు. వాళ్లకంటూ ఒక మూల ఇవ్వడం ఇంకా నేర్చుకోవాలి. కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లు దివాన్‌ఖానా ఎంత పెద్దదో కొలిచే ముందు, ఆ గోషా సంగతి ఆలోచించండి. దాని తలుపు కొట్టే తమీజ్ మాత్రం మనమే నేర్చుకోవాలి.