టోపీ పిన్నూ, మేజోడు పట్టీ

మా మామగారు ముచ్చటపడి కొన్న పాత కారొకటి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. దాన్ని అమ్మడానికి మావారికి మనసొప్పదు. నడవడానికి దానికి మనసొప్పదు. మొన్న వానల్లో దానికో కొత్త జబ్బు పట్టుకుంది. స్టార్టవుతుంది గానీ, ఎక్కిళ్ళు పట్టిన పిల్లాడిలా నాలుగడుగులకోసారి ఉలిక్కిపడుతుంది.

"మిస్సింగ్ కొడుతోంది" అన్నారు మావారు, బానెట్ ఎత్తి.

"ఏం మిస్సయిందండీ?" అనడిగాను.

"నీకు తెలీదులే. కాస్త టీ పెట్టు."

టీ పెట్టాను. పెడుతూ ఉంటే బెర్తా బెంజ్ గుర్తొచ్చింది.

పెట్రోలుతో నడిచే బండికి 1886లో పేటెంటు తీసుకున్న కార్ల్ బెంజ్ పేరు మనలో చాలామంది విన్నాం. ఆయన భార్యే ఈ బెర్తా. జర్మనీలో ఫోర్జ్‌హైమ్ అనే ఊళ్ళో 1849లో పుట్టింది. 1872లో పెళ్ళి. కానీ కార్ల్ కార్ఖానా మునిగిపోయేలా ఉంటే, పెళ్ళికి ముందే తన కట్నం డబ్బు పుట్టింటి నుంచి తెప్పించి, ఆయన భాగస్వామి వాటా కొనిపించింది. కట్నం అంటే మనకి మండుతుంది గానీ, ఈ కట్నం మాత్రం ఇంజను కింద మారింది.

డబ్బిచ్చి ఊరుకోలేదావిడ. 1879 డిసెంబరు 31 రాత్రి, ఊరంతా కొత్త సంవత్సరం కోసం ఎదురుచూస్తుంటే, భోజనాలయ్యాక మొగుడూ పెళ్ళాం షెడ్డుకి వెళ్ళి, అప్పటిదాకా మొరాయిస్తున్న ఇంజన్ని మరోసారి తిప్పి చూశారు. ఆ రాత్రి అది పలికింది. అలాంటి రాత్రులెన్ని గడిపి ఉంటుందో! చంటిబిడ్డ ఏడుపు విని ఆకలో, కడుపునొప్పో తల్లి చెప్పేసినట్టు, ఆ చప్పుడు వింటే దాని బాధేమిటో ఆవిడకి అర్థమై ఉంటుంది.

బండి తయారయింది గానీ కొనేవాళ్ళు లేరు. గుర్రం లేని బండిని నమ్మేదెవరు? 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున, భర్తకి తెలియకుండా, పదిహేనేళ్ళ ఓయ్‌గెన్‌నీ, పదమూడేళ్ళ రిచర్డ్‌నీ ఎక్కించుకుని మూడు చక్రాల బండిలో మన్‌హైమ్ నుంచి పుట్టింటికి బయల్దేరింది. 100 కిలోమీటర్ల పైచిలుకు దారి. పెట్రోలు బంకు అనే మాటే పుట్టని రోజులు. దారిలో వీస్‌లోహ్ ఊళ్ళో మందుల షాపుకి వెళ్ళి, మరకలు తుడవడానికి అమ్మే లిగ్రాయిన్ అనే పెట్రోలియం ద్రవాన్ని కొని పోసింది. లోకంలో మొదటి పెట్రోలు బంకు ఆ మందుల షాపే అంటారు.

దారిలో రెండుసార్లు ఇంజను మొండికేసింది. ఒకసారి ఇంధనం వచ్చే గొట్టంలో నలక అడ్డుపడింది. టోపీకి గుచ్చుకున్న పొడవాటి పిన్ను తీసి పొడిచి శుభ్రం చేసింది. ఇంకోసారి నిప్పురవ్వకి కరెంటు అందించే తీగ ఒరుసుకుపోయి, కరెంటు దారి తప్పింది. మేజోడు జారకుండా కాలికి కట్టుకునే పట్టీ విప్పి తీగకి చుట్టింది. బ్రేకు దిమ్మలు అరిగిపోతే, చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. ఎత్తు రోడ్లమీద పిల్లలు దిగి తోశారు. పొద్దుగూకేవేళకి పుట్టిల్లు చేరి, భర్తకి టెలిగ్రాం కొట్టింది. తరవాత కార్ల్ బండికి ఎత్తులెక్కడానికి ఇంకో గేరు పెట్టారంటే, ఆ సలహా ఎవరిదో వేరే చెప్పాలా?

ఈ రెండు మరమ్మత్తుల్లోనే పాత కారు వైద్యమంతా ఉందనిపిస్తుంది నాకు. పెట్రోలు అందడం లేదా, నిప్పురవ్వ పడడం లేదా? ముందడగాల్సినవి ఈ రెండే. నాలుగు సిలిండర్లు వంతులవారీగా పనిచేస్తాయి. ఒకటి వంతు ఎగ్గొడితే అదే మిస్సింగ్.

టీ ఇస్తూ ఆ మాటే అన్నాను. మావారు నవ్వలేదు, పాపం. ఇంజను ఆపి, ఒక ప్లగ్గు తీగ తీసిపెట్టి, మళ్ళీ నడిపి చూశాం. అలా ఒక్కొక్కటీ. బాగున్న సిలిండరు తీగ తీస్తే గోల ఇంకా పెరుగుతుంది. మూడోదాని తీగ తీస్తే ఏ మార్పూ లేదు. దొంగ దొరికాడు! దాని ప్లగ్గు విప్పి పక్కదాంతో మార్చి చూశాం. అయినా ఆ మూడోదే మొరాయించింది. అంటే తప్పు ప్లగ్గుది కాదు.

"చీకటి పడనివ్వండి, చూద్దాం" అన్నాను.

రాత్రి షెడ్డులో దీపం ఆర్పి, ఇంజను నడిపి, చేతులు దూరంగా పెట్టుకుని చూశాం. ఆ తీగలో పారేది వేల వోల్టుల కరెంటు. మూడో తీగ మధ్యలో నీలంగా ఓ మెరుపు, చిటుక్కున ఇనుము మీదికి దూకుతోంది. పైతొడుగు పగిలి, వాన చెమ్మకి నిప్పురవ్వ ప్లగ్గుదాకా వెళ్ళకుండా మధ్యలోనే పారిపోతోంది. నూటపాతికేళ్ళకి పైబడిన బెర్తమ్మ జబ్బే! మర్నాడు కొత్త తీగ వేయించారు. కారు ఎక్కిళ్ళు మానేసింది.

ఆవిడ 95 ఏళ్ళు నిండాక, 1944లో పోయింది. ఆవిడ వెళ్ళిన దారికి ఆవిడ పేరే పెట్టి, 2008 నుంచి గుర్తుగా ఉంచారు. బానెట్ దగ్గర నించున్నప్పుడల్లా నాకు ఆవిడ పిన్ను గుర్తొస్తుంది. ఆవిడకి పిన్ను అందరు ఆడవాళ్ళకీ ఉన్నదే. అది ఎక్కడ గుచ్చాలో తెలియడానికి మాత్రం, "నీకు తెలీదులే" అనని ఇల్లొకటి కావాలి.

ఆ సాయంత్రం టీ మావారే పెట్టారు. ఒక గుక్క తాగి, "ఏమండీ, ఇందులోనూ మిస్సింగే" అన్నాను.

పంచదార వెయ్యడం మర్చిపోయారు.