విద్యానిక్షేప విచారము

ధర్మశాస్త్రమున మనువు వ్యవహారపదములు పదునెనిమిదింటిని జెప్పియున్నాఁడు. అందు మొదటిది ఋణాదానము, రెండవది నిక్షేపము, మూఁడవది అస్వామివిక్రయము. నమ్మి యొకరికడ దాఁచిన సొమ్ము నిక్షేపము. తనది కాని వస్తువును విక్రయించుట యస్వామివిక్రయము. ఈ రెండును బ్రక్కప్రక్కల నుండుట యాకస్మికము కాదని నా తలంపు.

విశ్వవిద్యాలయములు తమ పండితుల వ్యాసములను, పట్టమునకై సమర్పింపఁబడిన సిద్ధాంతగ్రంథములను ఒకచోఁ గూర్చి, అంతర్జాలముద్వారా యెల్లవారును జదువుకొనుటకై యేర్పఱచిన స్థానములకు రిపాజిటరీలని పేరు. వీనిని నిక్షేపాలయము లనవచ్చును. మూల్యము గొనక పరిశోధనమును జదువనిచ్చు పద్ధతిని ఓపెన్ యాక్సెస్ అందురు. ఈ వ్యాసమున దానిని ముక్తపఠన మనుచున్నాఁడను. ఈ రెండింటి చరిత్రమును, అందు మన తెలుఁగునకు దొరకిన భాగమును ఇచట విచారింతును.

1665 వ సంవత్సరము జనవరియందుఁ బారిసునగరమున జూర్నాల్ దె సావాన్ అను పత్రికయు, మార్చియందు లండనులో హెన్రీ ఓల్డెన్‌బర్గు సంపాదకుఁడుగా ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్సు అను పత్రికయు వెలువడెను. పండితపత్రికలకు మూలము లివియే. ఇట్టి పత్రికలలో వ్రాయువారు ధనమును గోరరు. కీర్తియే వారికి ఫలము. వ్యాసములలోని గుణదోషములను బరిశీలించి చెప్పువారును సాధారణముగా వేతనము గొనరు. విద్వల్లోకమున కిది సహజమే. కాని రెండవ ప్రపంచయుద్ధానంతరము ఈ నిష్కామకర్మమునందు వర్తకులు లాభమును గనిపెట్టిరి. రాబర్టు మాక్స్‌వెల్ 1951 లోఁ జేపట్టి పెంచిన పెర్గమాన్ ప్రెస్సు నందులకు ముఖ్యోదాహరణము; 1991 లో దానిని హాలండుదేశపు ఎల్సెవియర్ సంస్థ కొనెను. పత్రికల చందాలు ఏఁటేఁట పెరిగెను. గ్రంథాలయములు చందాలు మానుకొనవలసివచ్చెను. విశ్వవిద్యాలయము పండితునకు జీత మిచ్చును, ఆతఁడు వ్రాయును, వేఱొక పండితుఁడు పరిశీలించును, పిమ్మట నా వ్యాసమునే యా విశ్వవిద్యాలయము మరలఁ గొనును.

ఇది యస్వామివిక్రయమా? కాదు. ప్రచురణకుఁ బూర్వమే గ్రంథకర్త తన హక్కును ప్రకాశకునకు వ్రాసి యిచ్చుచున్నాఁడు. కావున న్యాయస్థానమున నిది దానమే యగును. దాన మిచ్చితినను స్పృహయే దాతకు లేకుండుట యిందలి విశేషము. నిక్షేపముగా దాఁచుచున్నానని తలంచి దానపత్రముపై వ్రాలు చేయువాని దైన్య మిట్టిది.

దీనికిఁ బ్రతీకారము మొదట భౌతికశాస్త్రజ్ఞులలోఁ బుట్టెను. అచ్చునకుముందే వ్యాసప్రతులను ఒకరికొకరు పంపుకొనుట వారి యాచారము. 1991 ఆగస్టునందు అమెరికాలోని లాస్ అలమాస్ ప్రయోగశాలలోఁ బాల్ గిన్స్‌పార్గ్ ఆ యాచారమునకు యంత్రరూప మిచ్చెను. అదియే నేఁటి ఆర్కైవ్. 2001 లోఁ గార్నెల్ విశ్వవిద్యాలయమునకుఁ దరలెను. 1994 లో స్టీవెన్ హార్నాడ్ అను పండితుఁడు తక్కిన శాస్త్రములవారును దమతమ వ్యాసములను దామే యందఱ కందనీయవలెనని ప్రతిపాదించెను. 2000 లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయమున నిక్షేపాలయములు నడుపుటకై ఈప్రింట్స్ అను సాధనము సిద్ధమయ్యెను. 2001 డిసెంబరులో బుడాపెస్టునఁ గూడిన సభవారి ప్రకటనము 2002 ఫిబ్రవరి 14 వ తేదీన వెలువడెను. ముక్తపఠనమునకు లక్షణము చెప్పిన మొదటి గొప్ప ప్రకటన మదియే. మఱుసటి యేఁట బెర్లినునఁ బుట్టిన ప్రకటనము దానినే బలపఱచెను.

ఆ ప్రకటనము రెండు మార్గములు చూపినది. గ్రంథకర్త తన వ్యాసప్రతిని నిక్షేపాలయమున నుంచుట యొకటి. పత్రికయే తలుపు తీయుట రెండవది. మొదటిది హరితమార్గ మనియు, రెండవది స్వర్ణమార్గ మనియుఁ దరువాతివారు పేళ్లు పెట్టిరి. స్వర్ణమార్గమునఁ బెక్కుపత్రికలు చదువరికడఁ గాక వ్రాయువానికడ రుసుము గొనుచున్నవి. గొప్ప పత్రికలలో నది వేలడాలర్లుగ నుండును. పేరు దగినట్లే యున్నది! మన కళాశాలలోని యుపన్యాసకుఁడు చదువుట కిప్పు డడ్డులేదు గాని వ్రాయుటకుఁ దాళము పడినది.

హరితమార్గమున నే నడ్డంకు లేదా యనఁగా, ఉన్నది. అది పండితుల యలసత. వైయాకరణులు విధులను నిత్యము, వైకల్పికము నని విభజింతురు. నిక్షేపమును వికల్పముగా విధించినచో నేమగునో అమెరికాలోని జాతీయారోగ్యసంస్థల యనుభవము చెప్పుచున్నది. 2005 లో నా సంస్థలు తమ ధనముతో జరిగిన పరిశోధనమును నిక్షేపింపుఁడని గ్రంథకర్తలను బ్రార్థించెను. మొదటి యేఁడు ప్రార్థన విన్నవారి వ్యాసములు నూటికి నాలుగైనఁ గాలేదు. 2008 లోఁ జట్టముచే నది నిత్యవిధి యయిన పిమ్మట సంఖ్య బహుగుణముగఁ బెరిగెను. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ సాంకేతిక విశ్వవిద్యాలయము 2004 లోనే విశ్వవిద్యాలయ మంతటికి నిత్యవిధి నేర్పఱచెను. బెల్జియములోని లియేజ్ విశ్వవిద్యాలయాధ్యక్షుఁడు బెర్నార్డ్ రెంటియే 2007 లోఁ జేసిన యేర్పాటు మిక్కిలి గడుసైనది: ఉద్యోగోన్నతికై గణించునపుడు నిక్షేపాలయమున లేని వ్యాసము లేనట్లే. శాపమును లేదు, శిక్షయు లేదు. పండితులలోఁ బెక్కుమంది తెచ్చి యిచ్చిరి.

మనదేశమున బెంగుళూరి భారతీయ విజ్ఞానసంస్థ 2002 లోఁ దన నిక్షేపాలయమును స్థాపించెను. 2009 లో విశ్వవిద్యాలయధనసహాయసంఘము పట్టమునకై సమర్పించు సిద్ధాంతగ్రంథపు యంత్రప్రతి నీయవలెనని నియమము చేసెను. గాంధీనగరమునందలి ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము నడుపు శోధగంగయందు నేఁడు లక్షలకొలఁది సిద్ధాంతగ్రంథము లున్నవి. పే రెట్టిది? శుద్ధి యను నర్థము గల శుధ్ ధాతువున కిది ఘఞంతరూపము. పరిశోధనార్థమున హిందీవారు వాడుచున్నారు. గంగతోఁ గూడుటచే మొదటి యర్థమును జెడలేదు. పూర్వము సిద్ధాంతగ్రంథము గ్రంథాలయపు బీరువాలోఁ జేరి, అనుమతిపత్రము గలవానికే కనఁబడుచుండెను. అందులకే యొకే విషయముపై రెండు విశ్వవిద్యాలయములలో ఇరువురు శ్రమపడుటయుఁ గలిగెడిది.

2024 నవంబరులోఁ గేంద్రప్రభుత్వము మఱియొక యేర్పాటు చేసెను. మూఁడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు వెచ్చించి, 30 మంది ప్రకాశకుల సుమారు 13,000 పత్రికలను 6,300 ప్రభుత్వ విద్యాసంస్థలవారు చదువునట్లు చేయుట దాని యుద్దేశము. మేలే. కాని యిది తలుపు తీయుట కాదు, తాళపుచెవి కొనుట. గడువు తీరినఁ జెవిని మరలఁ గొనవలయును. ఉద్యోగము విరమించిన యధ్యాపకుఁడును, పల్లెలోఁ గూర్చుండి శాసనములు పరిష్కరించు పండితుఁడును ఆ సంస్థలలోనివారు కారు. తెలుఁగు సాహిత్యచరిత్రమునకుఁ బెద్దపనులు చేసినవారిలో నట్టివారే పెక్కుమంది.

తెలుఁగునకు నిక్షేపము క్రొత్తది కాదు. బ్రౌనుదొర తాను గూర్చిన వ్రాఁతప్రతులను మదరాసులోని లిటరరీ సొసైటీ కిచ్చెను. అవి పిదపఁ బ్రభుత్వ ప్రాచ్యలిఖితపుస్తక భాండాగారమునఁ జేరెను. మన కాలమున నట్టి పనికిఁ బూనుకొన్నవాఁడు ఆనాఁటి చిత్తూరు మండలమునఁ బుట్టిన రాజ్ రెడ్డి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున నాతఁడు తలపెట్టిన పదిలక్షల పుస్తకముల ప్రయత్నమునకు మనదేశమున డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా యని పేరు వచ్చెను. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ యందు ముఖ్యకేంద్రము. వేలకొలఁది పాఁతతెలుఁగు పుస్తకములు ఛాయారూపమున నందుఁ జేరెను. హక్కులు తీరని గ్రంథములును జేరెనని వివాదము పుట్టి మూలస్థానము మూతపడినది. పెక్కు ప్రతులు ఇంటర్‌నెట్ ఆర్కైవ్‌న మిగిలినవి. వాని పేళ్లు మాత్రము రోమకలిపిలోఁ, దఱచుగాఁ దప్పులతో నున్నవి. అకారాకార భేదము లేదు. ద-డ భేదము లేదు. గ్రంథము తెఱచియే యున్నది గాని దానిని బిలుచుటకుఁ బేరు లేదు.

తెలుఁగు సిద్ధాంతగ్రంథములది యింతకంటెను సూక్ష్మమైన చిక్కు. యూనికోడ్ మొదటి కూర్పునందే, అనఁగా 1991 లోనే, తెలుఁగున కక్షరస్థానము లీయఁబడెను. నకారపొల్లునకుఁ గూడ 2021 లో స్థానము దొరకెను. అయినను అచ్చుకూటములవారు చిరకాలము యూనికోడ్ కాని యక్షరరూపములనే వాడిరి. వానిలోఁ గంటికిఁ దెలుఁగు కనఁబడును. యంత్రమున నుండునవి రోమకాక్షరముల సంకేతములు. తలకట్టొక సంకేతము, కొమ్మొక సంకేతము. అట్లు కూర్చిన వ్యాకరణసిద్ధాంతగ్రంథ మొకటి నిక్షేపాలయమునఁ దెఱచి, ద్రుతమను పదమును వెదకింతుమేని, ప్రతిపుటయందును ద్రుతమే యున్నను, లేదనియే యంత్రము ప్రత్యుత్తర మిచ్చును.