పికప్ ఇంజిన్లు: డీజిల్, టర్బో పెట్రోల్

బరువు మోసే, ట్రెయిలర్ లాగే పికప్‌లలో ప్రధానంగా వాడే రెండు రకాల ఇంజిన్లివి. ఖమ్మం మార్కెట్‌కు మిర్చి బస్తాలు, గోదావరి ఒడ్డున సారపాక కాగితపు మిల్లుకు సుబాబుల్, జామాయిల్ కర్ర చేరే ఈ అటవీ సరిహద్దులో పికప్, ట్రాక్టర్, లారీ ఎక్కువగా నడిచేది డీజిల్ మీదే.

డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. తక్కువ వేగంలోనే టార్క్ అందుతుంది కనుక బురదదారిలో బరువుతో కదలడం తేలిక. 2022లో భారత్‌కు వచ్చిన టయోటా హైలక్స్ 2.8 లీటర్ల డీజిల్ ఇంజిన్ మాన్యువల్‌లో 420, ఆటోమేటిక్‌లో 500 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది.

టర్బో పెట్రోల్‌ను తక్కువగా చూడలేం. అమెరికాలో ఫోర్డ్ ఎఫ్-150కి 2011 మోడల్ నుంచి 3.5 లీటర్ల ఎకోబూస్ట్ ఉంది; అది భారీ ట్రెయిలర్లనే లాగుతుంది. కాకపోతే బరువు పెరిగితే పెట్రోల్ బాగా తాగుతుంది. నేరుగా సిలిండర్‌లోకే ఇంధనం చిమ్మే రకాల్లో ఇన్‌టేక్ వాల్వుల మీద కార్బన్ పేరుకుంటుంది.

మన్నికలో డీజిల్‌కూ చిక్కులున్నాయి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 ఉద్గార నిబంధనలు అమలయ్యాక చాలా డీజిల్ వాహనాలకు మసి ఫిల్టర్ వచ్చింది. ఊళ్లోనే చిన్న చిన్న ట్రిప్పులు తిరిగితే అది తగినంత వేడెక్కక మూసుకుపోతుంది. డీజిల్‌లో నీరు కలిస్తే ఇంజెక్టర్లు దెబ్బతింటాయి. అందుకే ఇంధన ఫిల్టర్ అడుగున చేరిన నీటిని ఎప్పటికప్పుడు వదిలెయ్యాలి.

రెండింటిలోనూ టర్బోకు ఆయిలే ప్రాణం. లోడుతో గట్టు ఎక్కివచ్చాక ఇంజిన్‌ను వెంటనే ఆపకుండా కాసేపు ఐడిల్‌లో ఉంచితే, ఆయిల్ అందుతూ టర్బో షాఫ్ట్ చల్లబడుతుంది.

రోజూ లోడుతో దూరం తిరిగేవారికి డీజిల్, అప్పుడప్పుడే లాగేవారికి టర్బో పెట్రోల్ నప్పుతాయి.