మూడు ప్రవాహాలు, రెండు అక్షాలు: బోధన్ చక్కెర నేపథ్యంలో ఒక గణిత చరిత్ర

ఆర్. హెచ్. పార్క్ 1929లో అమెరికాలో ద్వి అక్ష సమీకరణాలు ప్రకటించాడు. మంజీరపై నిజాంసాగర్ పూర్తయినది 1931లో. ఆ ఆయకట్టు చెరకును నమ్ముకొని నిజామాబాద్ జిల్లా బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం 1937లో వెలసింది. ఈ రెండు చరిత్రలను కలిపి చదవదగిన చోటు చక్కెర మిల్లులోని సెంట్రిఫ్యూగల్ యంత్రం. పాకం నింపేటప్పుడు నెమ్మదిగా, మొలాసిస్‌ను వేరుచేసేటప్పుడు అతివేగంగా తిరిగి, పిమ్మట ఆగవలసిన ఆ యంత్రానికి వేగనియంత్రణే ప్రాణం.

న్యూట్రల్ తీగ లేని మోటారులో మూడు ఫేజుల ప్రవాహాల మొత్తం సున్నా. కనుక స్వతంత్రమైనవి రెండే. ఎడిత్ క్లార్క్ పేరిట ప్రసిద్ధమైన పరివర్తనలో 10, -5, -5 ఆంపియర్లు రెండు స్థిరాక్షాలపై 10, 0గా మారుతాయి. పార్క్ అక్షాలనే రోటారుతోపాటు తిప్పాడు. నిలకడగా నడిచే యంత్రంలో ఊగిసలాడే రాశులు అలా స్థిరరాశులయ్యాయి. 1970ల తొలినాళ్లలో జర్మనీలో బ్లాష్కే అక్షాలను అయస్కాంత క్షేత్రానికి జతచేసి, క్షేత్రాన్నీ టార్క్‌నూ విడివిడిగా అదుపుచేసే మార్గం చూపాడు.

ఉర్దూ బోధనాభాషగా గల ఉస్మానియాలో ఇంజనీరింగ్ కళాశాల ఆరంభమైనదీ 1929లోనే. తరువాత ఆ స్థానం ఇంగ్లీషుకు దక్కింది, తెలుగుకు కాదు. అందువల్ల ఈ విద్యకు తెలుగు పలుకుబడి వెతకవలసినది పాఠ్యగ్రంథాల్లో కన్నా మిల్లు కార్మికుల నోట. కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. ఆ మాటలను సేకరించే పని ఇంకా మన విశ్వవిద్యాలయాల ముందున్నది.